ఎండాకాలం దారం పని

అమ్మ పూజకు పూలు కోసే నందివర్ధనం చెట్టు మా పెరట్లో బావి పక్కన ఉంది. ఊరు నూజివీడుకు దగ్గర్లోనే. ఏప్రిల్ మూడో వారంలో ఒక పొద్దున, అమ్మకు మోకాళ్లు సహకరించక పూలసజ్జ నా చేతికి వచ్చింది. ఆరున్నర అయి ఉంటుంది. కొమ్మ వంచబోయానో లేదో, లోపల్నుంచి గుప్పిట్లో పట్టేంత పిట్ట ఒకటి చివ్వున లేచి ప్రహరీ మీద వాలింది. తల మీద ఇటుకరంగు టోపీ, ఆకుపచ్చ వీపు, నిక్కబొడిచిన తోక. ఇక అందుకుంది అరుపు. పది గ్రాములు తూగని ఒంట్లో అంత గొంతు ఎక్కడ పట్టిందో! దర్జీ పిట్ట. అది ఊరికే అలా తిట్టదు. గూడు అక్కడే ఎక్కడో ఉందన్నమాట.

కొమ్మ వదిలేసి, పిట్ట లేచిన చోటునే చూస్తూ నిలబడ్డాను. ఆకులు, వాటి వెనక ఇంకొన్ని ఆకులు. అంతకుమించి ఏమీ లేదు. చెట్టును చుట్టి పడమటి పక్కకు వెళ్లాను. అటునుంచి సూర్యుడు నా ముఖానికి ఎదురుగా వచ్చాడు. అప్పుడు వెలిగాయి, మూడు ఆకుల అంచుల వెంట తెల్లటి చుక్కలు, పూసలు గుచ్చినట్టు వరసగా. అవి కుట్లు. ఆ మూడు ఆకులూ కలిసి ఒక సంచి. సంచిలో ఏముందో చూడాలన్న ఆత్రం కలిగిన మాట నిజమే. కానీ చేయి పెట్టలేదు.

ఆ ఎండాకాలమంతా నేను తీసిన ఫొటోలన్నీ ఆ చుక్కల వరస నేర్పిన పాఠమే. ఎండకు వీపు పెట్టి చూసినంతసేపూ ఏ గూడూ కనపడదు. ఎండకు ఎదురు తిరిగితే, ప్రతి కొమ్మ మీదా ప్రతి చూరు కిందా ఎవరో ఒకరు దారం పట్టుకుని పని చేస్తూనే ఉంటారు.

నా దగ్గరున్నది పాత కెమెరా, దానికో 70–300 జూమ్ లెన్స్. అయిదడుగుల కంటే దగ్గరికి వస్తే అది ఫోకస్ చేయదు. ఇన్నాళ్లూ దాని లోపమని విసుక్కున్నది ఈ గూటి విషయంలో మేలైంది. నేను దగ్గరికి వెళ్దామన్నా లెన్స్ వెళ్లనివ్వదు. బావి గట్టు మీద కూర్చుని, పిట్ట మేతకు వెళ్లినప్పుడు రెండు నిమిషాలు, అంతే. మూడు రోజుల్లో ఒక్క ఫొటో కుదిరింది. ఒక కుట్టు, దాని పక్కన ఇంకో కుట్టు, మధ్యలో ఆకు ఈనె, అన్నీ స్పష్టంగా.

ఆ ఫొటో తీసుకెళ్లి మా ఊరి దర్జీ బాబాయికి చూపించాను. నలభై ఏళ్లుగా కుట్టుమిషన్ తొక్కుతున్న మనిషి. కళ్లద్దాలు పైకి తోసుకుని ఫోన్ తెర మీద వేళ్లతో ఫొటోను పెద్దది చేసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

“ఇది కుట్టు కాదురా అబ్బాయ్” అన్నాడు చివరికి. “ఈ బొక్కకూ ఆ బొక్కకూ సంబంధం లేదు చూడు. దేనికదే విడిగా వేసింది. బొత్తాం కుట్టినట్టు.”

పక్షుల శాస్త్రం తెలిసినవాళ్లు చెప్పేదీ ఇదే. దర్జీ పిట్ట ముక్కుతో ఆకు అంచున సన్నటి రంధ్రం పొడుస్తుంది. దూది పోగో, నారపీచో, సాలెపట్టో అందులోంచి దూర్చి రెండో ఆకులోకి లాగుతుంది. బయటికొచ్చిన కొస పీచులా విచ్చుకుని ఉబ్బుతుంది. ఆ ఉబ్బే పోగును వెనక్కి జారనివ్వదు. రేకులకు కొట్టే రివిట్‌లాంటిది ఈ పని. అక్కడక్కడా ఒకే పోగు పక్క రంధ్రంలోకి కూడా సాగి, నిజంగానే కుట్టులా కనబడుతుంది. ఎక్కువ చోట్ల మాత్రం బాబాయి చూసిందే.

“మరి ముడి ఏది?” అన్నాడు. ముడి వేయదని, కొస ఉబ్బే దానికి ముడి అని చెప్పాను. నవ్వాడు. “మేం రెండు ముళ్లు వేసినా బొత్తాం ఊడిపోయిందని వచ్చి తిడతారు జనం.” మళ్లీ ఫొటోలోకి వంగాడు. “ఇట్లా విడివిడిగా వేయడంలో తెలివుంది. బారు కుట్టయితే ఒక్కచోట తెగిందంటే మొత్తం ఊడొస్తుంది. ఇదైతే ఒకటి పోయినా పక్కది నిలబడుద్ది. ఆకు గాలికి ఊగేదాయె, పెరిగేదాయె. దానికి బారు కుట్టు పనికిరాదు.”

గుడ్డకు ఉన్నట్టే ఆకుకూ మంచి వైపు, తిరగ వైపు ఉంటాయి. పిట్ట నిగనిగలాడే పైవైపునే బయటికి ఉంచి చుట్టింది. నా కళ్లు పది నిమిషాలు మోసపోయింది అందుకే. ఇంకో సంగతి కూడా ఆయనే పట్టుకున్నాడు. రంధ్రం చుట్టూ ఆకు మాడలేదు, గోధుమరంగు మచ్చ కూడా లేదు. “సూది మందమైతే గుడ్డ చిరుగుద్ది. దీని సూది సన్నం” అని తేల్చాడు. నిజంగానే ఆ రంధ్రాలు ఆకు ప్రాణానికి ముప్పు రానంత చిన్నవి. మాడిన ఆకు గూడును బయటపెట్టేస్తుంది. పచ్చగా ఉన్నంతకాలమే అది మరుగు.

ఫోన్ తిరిగి ఇస్తూ బాబాయి అన్న మాట ఒకటి ఆ తర్వాత నన్ను వదల్లేదు. “గుడ్డ చూసి దర్జీని ఎంచకూడదురా, అతుకు చూడాలి.” ఆ వేసవంతా నేను ఫొటోలు తీసింది అతుకులకే.

ఆ పిట్టకు ఇంగ్లిషు కథల్లో కూడా మన మాటే పేరు. 1894లో వచ్చిన కిప్లింగ్ ‘జంగిల్ బుక్’లో, ముంగిస కథలో, తోటలో కాపురముండే పిట్ట పేరు దర్జీ. పారసీ నుంచి మన భాషల్లోకి వచ్చిన మాట అలా లండన్ దాకా పోయింది.

ఇక వెలుతురు సంగతి. ఎదురెండలో ఫొటో తీయొద్దని పెళ్లి ఫొటోలవాళ్లు అందరికంటే ముందు చెబుతారు. ముఖాలకు అది మంచి సలహా. దారానికి కాదు. సాలెపోగు మందం మన వెంట్రుకలో ఇరవయ్యో వంతు ఉంటే గొప్ప. వెలుతురు ముందు నుంచి పడితే అది గాలిలో కలిసిపోతుంది. వెనక నుంచి, ఏటవాలుగా పడితే మాత్రం పోగు పొడవునా వెలుగు పట్టుకుంటుంది. వెనక నీడో చీకటో ఉంటే ఇంకా మంచిది. దాని కోసం నాన్న వదిలి వెళ్లిన నల్లగొడుగు వాడాను. సూర్యకిరణం గొడుగు మీదుగా దూకి పోగును తాకేలా, గొడుగు లోపలి నలుపు పోగు వెనక ఉండేలా పట్టుకోవాలి. ఒక చేత్తో కెమెరా, ఒక చేత్తో గొడుగు, ఊపిరి బిగబట్టి. గోడ అవతలి నుంచి చూసిన పక్కింటి అత్తయ్య అమ్మను పక్కకు పిలిచి నా ఆరోగ్యం గురించి అడిగిందట.

టైము కూడా తక్కువే. ఆరు నుంచి ఎనిమిది దాకా. ఎనిమిది దాటితే ఆకులు అద్దాల్లా మెరిసి కళ్లు చెదరగొడతాయి, గాలి లేస్తుంది, పోగులు ఊగుతాయి. మే నెలలో ఒకరోజు పదకొండింటికి మొండిగా ప్రయత్నించాను. ఫోన్ బాగా వేడెక్కిందనీ, చల్లబడేదాకా కెమెరా తెరవననీ తెర మీద రాసి చూపించింది. దానికున్న బుద్ధి నాకు లేకపోయింది.

సాలెగూడు ఫొటో అనగానే అందరికీ గుర్తొచ్చేది ధనుర్మాసపు మంచు. ముత్యాల హారాల్లా వేలాడే గూళ్లు. అందంగా ఉంటాయి, కాదనను. కానీ ఆ ఫొటోల్లో ఉన్నది నీళ్లు. పోగు నీళ్ల కింద దాక్కుంటుంది. ఎండాకాలంలో మంచు లేదు, పోగు ఒంటరిగా ఉంటుంది. దాన్ని చూడాలంటే దాన్నే చూడాలి. మంచు లేదు కదా అని సీసాతో నీళ్లు చిమ్మి ముత్యాలు పుట్టించే వాళ్లున్నారు. నాకది నచ్చదు. జిగురు తడిసిన గూటితో ఆ సాలీడు ఆ పూట ఏం తినాలి?

చక్రం గూడు కట్టే సాలీడును ఒకసారైనా మొదటి నుంచి చివరి దాకా చూడమంటాను. ముందు ఒక పోగును గాలిలోకి వదులుతుంది. అది ఎదుటి కొమ్మకు తగులుకుంటే అదే వంతెన. తర్వాత బండిచక్రం ఆకుల్లా నడుమ నుంచి అంచులకు పోగులు వేస్తుంది. వాటికి జిగురుండదు. ఆ మీదట నడిమి నుంచి బయటికి, వెడల్పు వెడల్పుగా ఒక చుట్టు తిప్పుతుంది. దీనికీ జిగురుండదు. ఇది గూడు కాదు, మేస్త్రీలు కట్టే పరంజా లాంటిది. దాని మీద నడుస్తూ ఇప్పుడు బయటి నుంచి లోపలికి, దగ్గర దగ్గరగా, జిగురు పోగు చుట్టుకుంటూ వస్తుంది. వస్తూ వస్తూ పరంజాను తీసేస్తుంది. పని పూర్తయ్యేసరికి పరంజా ఆనవాళ్లు నడిమి దగ్గర తప్ప మిగలవు. శ్రీకాళహస్తి కథలో శివుడికి పోగులతో మండపాలు కట్టింది సాలెపురుగు. జాషువా సాలీడు మీదా గిజిగాడి మీదా కూడా పద్యాలు చెప్పారు. మన వాళ్లకు ఈ పనివాళ్ల మీద చూపు లేదని ఎవరూ అనలేరు. ఆ చూపును ఇప్పుడు తెర మీది బొమ్మలకు అప్పగించాం, అంతే.

మామిడి తోటలోకి వెళ్లింది మే మొదటి వారంలో. కాయ కోతకు వచ్చింది. చిక్కాలు పట్టుకుని చెట్లెక్కే కుర్రాళ్లు ఎర్రచీమల గూళ్లున్న కొమ్మ దగ్గరికి రాగానే తిట్లు మొదలెడతారు. పుస్తకాల్లో వీటికి నేత చీమలని పేరు. పేరు తప్పని నా అభిప్రాయం. నేత అంటే పడుగూ పేకా ఉండాలి. వీటి గూటిలో అవేమీ లేవు. ఆకుకూ ఆకుకూ మధ్య కాగితంలా పరిచిన తెల్లటి పట్టు పొర ఉంటుంది. అది అతుకు పని. బాబాయి అడిగిన అతుకు.

పని జరుగుతుండగా చూడటం అదృష్టం. నాకు నాలుగో రోజున దక్కింది. రెండు ఆకుల మధ్య సందు ఒక చీమకు అందే దూరమైతే, కాళ్లు ఈ ఆకు అంచున తన్నిపెట్టి ఆ ఆకును దవడలతో పట్టుకుని లాగుతుంది. అందకపోతే దాని నడుమును వెనక నుంచి ఇంకో చీమ పట్టుకుంటుంది, దాని నడుమును మరొకటి. అలా గొలుసు. ఒకటి కాదు, పక్కపక్కనే పది పదిహేను గొలుసులు, తెప్పను ఒడ్డుకు లాగే బెస్తల్లా. ఆకులు కొద్దికొద్దిగా దగ్గరవుతాయి. అవి దగ్గరయ్యాక వస్తారు అసలు పనివాళ్లు. ఒక్కోదాని నోట్లో ఒక తెల్లటి గింజ. గింజ కాదు, చీమపిల్ల. ఇంకా కాళ్లూ కళ్లూ రాని పురుగు దశలో ఉన్నది.

చీమ ఆ పిల్ల తలను ఈ ఆకు అంచుకు తాకిస్తుంది, ఆ ఆకు అంచుకు తాకిస్తుంది, మళ్లీ ఈ ఆకుకు. మగ్గం మీద నాడె అటూ ఇటూ పోయినట్టు. మీసాలతో తట్టి చెబితే పిల్ల పట్టు వదులుతుంది. ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. హిందూపురం మార్కెట్‌కు వచ్చే పట్టుగూళ్లు మనకు తెలుసు. పట్టుపురుగు తన పట్టు తన చుట్టూ చుట్టుకుంటుంది. చాలా జాతుల చీమపిల్లలు కూడా అలాగే సొంతానికి ఒక గూడు అల్లుకుంటాయి. ఈ చీమపిల్ల మాత్రం తనకోసం ఏమీ ఉంచుకోదు. ఉన్న పట్టంతా ఊరుమ్మడి ఇంటికి పోస్తుంది. అది ప్యూపాగా మారేటప్పుడు ఒంటి మీద పోగు కూడా ఉండదు. బట్టలేకుండా పడుకుంటుంది, తను కుట్టించిన ఇంట్లో.

ఆ ఫొటోకు ఫోన్‌కు తగిలించే క్లిప్ లెన్స్ వాడాను. రెండంగుళాల దూరం నుంచి తీయాలి. స్పష్టంగా వచ్చే మందం రెండు మూడు మిల్లీమీటర్లే. మన గుండె కొట్టుకుంటే చాలు, చీమ మసకలోకి పోతుంది. ఎర్రచీమలు ఊరికే ఫొటో తీయించుకునే రకమూ కాదు. ఫోన్ మీదుగా చేతికి, చేతి నుంచి మెడకు వచ్చాయి. కొరికి, కొరికిన చోట ఆమ్లం చిమ్ముతాయి. రెండువందల పన్నెండు ఫొటోల్లో మూడు పనికొచ్చాయి. ఒకదానిలో పిల్ల నోటి నుంచి ఆకు దాకా పోగు కనిపిస్తుంది, నల్లగొడుగు ముందు వెండి తీగలా. ఈ ఏడు తీసిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

తోట కాపలా అతను మెడ మీద దద్దుర్లు చూసి, “మందు కొట్టించేస్తే పోద్దండీ” అన్నాడు. చైనాలో నారింజ తోటలవాళ్లు ఈ చీమల గూళ్లను కొనుక్కొచ్చి మరీ చెట్లకు కట్టుకునేవారని క్రీ.శ. 304 నాటిదని చెప్పే పుస్తకంలో ఉంది. కాయ తొలిచే పురుగుల్ని ఇవి పట్టి తింటాయి. పురుగును పురుగుతో కొట్టించడానికి మనుషులు రాసిపెట్టుకున్న తొలి దాఖలా అదే. అయితే ఇవి పొలుసు పురుగుల్ని తీపి ద్రవం కోసం ఆవుల్లా కాసుకుంటాయి కూడా. ఆ లెక్క రైతు చూసుకోవాల్సిందే. ఒడిశాలోని మయూర్‌భంజ్ వాళ్లు వీటిని పచ్చడి చేసుకుంటారు, 2024లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. నన్ను కొరికినప్పుడు ఆ పచ్చడి మీద కొంత గౌరవం పెరిగింది.

ఇంటికి వచ్చి ఫొటోల్ని పెద్దవి చేసి చూస్తుంటే ఒక చీమ వెనక పోగు కనబడింది. చీమ నడుస్తూ పోగు వదలదే! కాళ్లు లెక్కపెట్టాను. ఆరు ఉండాలి, ఎనిమిది ఉన్నాయి. ముందు కాళ్లు రెండూ మీసాల్లా పైకెత్తి ఆడిస్తోంది. అది ఈ ఎర్రచీమ వేషం కట్టిన గెంతే సాలీడు. నడుము సన్నగా, రంగు అచ్చం చీమ రంగే. మగదైతే దవడలు ముందుకు ఎంతగా పొడుచుకొస్తాయంటే, ఒక చీమ ఇంకో చీమను మోసుకుపోతున్నట్టే ఉంటుంది. చిందు భాగోతం కట్టేవాళ్లు కూడా ఇంత శ్రద్ధగా వేషం వేయరు. కానీ గెంతే సాలీడు ఎటు వెళ్లినా వెనక ఒక ఆధారం పోగు వదులుకుంటూ పోతుంది, జారిపడితే పట్టుకోవడానికి. చీమల మధ్య తిరుగుతూ కూడా ఆ అలవాటు మానలేదు. ఎదురెండలో ఆ పోగు మెరవకపోతే నా కంటికీ అది చీమే.

తేనెపిట్ట గూడు గురించి ఎక్కువ చెప్పను. అది అందరి ఇళ్లలోనూ ఉంటుంది, చెత్త అనుకుని వదిలేస్తాం, లేదా దులిపేస్తాం. మా వసారాలో బట్టలారేసే తీగ చివర ఉగాదికి ముందే మొదలైంది. ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు, పురుగుల పెంట, ఏవేవో గింజల తొక్కలు వేలాడుతున్నట్టు కనిపించే సంచి. పక్కన చిన్న వాకిలి, వాకిలికి పైన చూరులా ముందుకొచ్చిన పంచ. లోపల జిల్లేడు దూదిలాంటి మెత్తటి పరుపు. కట్టేదంతా దాదాపుగా ఆడపిట్టే. పండగకు ఇల్లు దులుపుతూ అమ్మ బూజుకర్ర ఎత్తి, చివరి క్షణంలో ఆగింది. “బూజు అనుకున్నారా” అంది తర్వాత. పొరపాటేమీ లేదు. అది బూజే. ఆ చెత్తనంతా కలిపి పట్టుకున్నదీ, తీగకు వేలాడదీసినదీ మూలల్లోంచి పిట్ట పోగుచేసుకున్న సాలెపట్టే. సాగుతుంది, తెగదు, జిగురు దానిలోనే ఉంది. మనం కర్ర పెట్టి దులిపి పారేసేది దానికి తాడు. ఈ ఏడు మా ఇంటి మూలల్లో సగం బూజు అలాగే ఉంది. చుట్టాలు చూసి ఏమనుకున్నారో తెలియదు.

చూరు కింద పొడి దుమ్ములో గరాటుల్లాంటి గుంటలు మీరూ చిన్నప్పుడు చూసే ఉంటారు. ఊరికో పేరున్న పురుగు తవ్వేవి. చీమను అందులో వేసి ఆడుకోని పిల్లలు ఏ ఊళ్లోనూ ఉండరు. వెనక్కి వెనక్కి నడుస్తూ, చుట్లు తిరుగుతూ, తలతో దుమ్ము ఎగజిమ్ముతూ తవ్వుతుంది. గుంట వాలు ఎంత ఉంటుందంటే, ఇంకొంచెం నిటారైతే ఇసుక దానంతట అదే జారుతుంది. అంచున కాలు పెట్టిన చీమ బరువు ఆ ఇంకొంచానికి సరిపోతుంది. ఆ లెక్క దానికి ఎవరు నేర్పారో! సాయంత్రం అయిదున్నరకు, ఏటవాలు ఎండ చూరు కిందికి దూరినప్పుడు పై నుంచి తీస్తే గుంట సగం వెలుగు, సగం నీడగా ఒక్కో రేణువుతో సహా వస్తుంది. ఈ పురుగుకు కూడా దారం ఉంది. పెద్దదయ్యాక దుమ్ములోనే ఒళ్లు వెనక భాగం నుంచి పట్టు తీసి, రేణువులు అంటించి గోళీలాంటి గూడు చుట్టుకుంటుంది. గోళీలోంచి తూనీగలాంటి రెక్కల పురుగు బయటికి వస్తుంది. నాకు పగిలిన ఖాళీ గోళీ ఒకటి దొరికింది. లోపలి గోడ తెల్లగా, పట్టుచీర తిరగవైపులా ఉంది.

ఒక ఫొటో మాత్రం తీయలేదు. కిటికీ చట్రం మీద ఒక కందిరీగ మట్టి కుండ కట్టింది. కుళాయి కింద నీళ్లు నోట నింపుకుని, పొడిమట్టి మీద వదిలి కలిపి, ఉండలు చేసి తెచ్చి, చుట్లు చుట్లుగా. కుండకు మెడ, మెడకు విచ్చుకున్న అంచు. ఉసిరికాయంత కుండకు అంచు ఎందుకో! కుమ్మరి చక్రం లేకుండా అంత గుండ్రం ఎలా కుదిరిందో! అందులోకి గొంగళిపురుగుల్ని మోసుకొచ్చి మూతి మూసింది. కందిరీగ రొద పెట్టగా పెట్టగా లోపలి పురుగు కూడా కందిరీగైపోతుందని మన పెద్దలు భ్రమరకీటక న్యాయం చెప్పారు. లోపల జరిగేది అంత సాత్వికం కాదు. కందిరీగ పురుగును కుట్టి దాదాపు కదలకుండా చేసి తెస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాన్ని తింటూ పెరుగుతుంది. అసలు పనితనం ఆ గుడ్డు దగ్గర ఉంది. పూర్తిగా చావని గొంగళిపురుగులు మెదిలితే గుడ్డు నలిగిపోతుంది కదా. అందుకని కుండ పైకప్పు నుంచి సన్నటి పోగుకు గుడ్డును వేలాడదీస్తుంది. ఫ్రాన్సులో పురుగుల మీదే పది సంపుటాలు రాసిన ఫాబర్ ఈ పోగును పరిశీలించి రాశారు. దాన్ని చూడాలంటే కుండ పగలగొట్టాలి. పోగు ఉందని తెలుసు, చాలు. ఆ ఫొటో ఒకటి తక్కువైనా నష్టం లేదు.

గూళ్ల దగ్గర కూడా ఇదే కొలత పెట్టుకోమని కెమెరా పట్టిన పిల్లలకు చెబుతున్నాను. మరుగుగా ఉన్న ఆకును తీగతో పక్కకు కట్టేసి లోపలి పిల్లల్ని ఫొటోలు తీసేవాళ్లను చూశాను. ఆ ఫొటో బాగుంటుంది. తర్వాత ఆ గూటి మీద ఎండ పడుతుంది, కాకి కన్ను పడుతుంది. 1972 వన్యప్రాణి చట్టం పక్షి గూడును కదపడాన్ని కూడా వేట కిందే లెక్కేస్తుందని చాలామందికి తెలియదు. ఫొటో తీయడానికి ఏ ఆకునూ కదపనవసరం లేదు. మనమే కదలాలి, సూర్యుడు ఎదురొచ్చేదాకా.

దర్జీ పిట్ట పిల్లలు మే రెండో వారంలో ఎగిరిపోయాయి. నేను చూడలేదు. ఆ పొద్దున అరుపు వినపడకపోతే అమ్మే చెప్పింది, “వెళ్లిపోయాయిరా, ఇక ఆ పక్క కూడా పూలు కోస్తాను” అని. కోసింది కానీ ఆ కొమ్మ మాత్రం వంచలేదు. సంచి అలాగే ఉంది. బాబాయి ఒకసారి పని మీద ఇటు వచ్చి, నన్ను అడిగి, బావి గట్టు మీదకు ఎక్కి స్వయంగా చూశాడు. రెండు కుట్లు ఊడాయి, మిగతావి గట్టిగా ఉన్నాయని లెక్క చెప్పాడు.

ఇది రాస్తున్న నాటికి రోహిణి కార్తె దాటింది. పెరట్లో తులసి కూడా తలవాల్చింది. ఆ మూడు ఆకులూ ఇంకా పచ్చగానే ఉన్నాయి.